అభిమానించదగిన రేసింగ్ డ్రైవర్‌ను ఎంచుకోవడం ఎలా?

మోటార్ రేసింగ్‌ను కొత్తగా చూడడం మొదలుపెట్టిన వారికి మొదట కనిపించేది గెలిచిన కారు, ఆ తర్వాత పోడియం మీద నిలబడిన మనిషి. ఎవరు వేగవంతులో పాయింట్ల పట్టిక చెబుతుంది గాని, ఎవరిని మనసారా గౌరవించవచ్చో చెప్పదు. అది మనమే వెతికి తెలుసుకోవలసిన విషయం. అందుకు నేను నమ్మే కొలమానం ఒకటే: న్యాయంగా నడుచుకుంటే తనకే నష్టం కలిగే సందర్భం ఎదురైనప్పుడు ఆ డ్రైవర్ ఏం చేశాడో చూడండి. ఇంటర్వ్యూలలోని వినయమూ, కెమెరా ముందు చిరునవ్వూ ఆ తర్వాతి సంగతులు.

ఈ కొలమానాన్ని ఎలా వాడాలో నేర్చుకోవడానికి 1958 పోర్చుగల్ గ్రాండ్ ప్రిని (ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోని ఒక రేసును) మించిన పాఠం లేదు. పోర్టో నగర వీధుల్లో జరిగిన ఆ రేసును స్టిర్లింగ్ మాస్ గెలిచాడు. ఛాంపియన్‌షిప్‌లో అతని ప్రధాన ప్రత్యర్థి అయిన మైక్ హాథార్న్ రెండో స్థానంలో నిలిచాడు. అయితే చివర్లో ఆగిపోయిన కారును తిరిగి స్టార్ట్ చేసే ప్రయత్నంలో హాథార్న్ ఎదురుదిశలో వెళ్లాడన్న ఆరోపణ వచ్చి, అతని ఫలితాన్ని రద్దు చేసే పరిస్థితి ఏర్పడింది. మాస్ మాట్లాడకుండా ఉంటే చాలు, లాభం అతనిదే. కాని అతను అధికారుల ముందుకు వెళ్లి, ఆ సమయంలో కారు ట్రాక్ మీద కాక పక్కనున్న కాలిబాట మీద ఉందని సాక్ష్యం చెప్పాడు. హాథార్న్ పాయింట్లు నిలిచాయి. సీజన్ ముగిసేసరికి హాథార్న్‌కు 42 పాయింట్లు, మాస్‌కు 41. ఆ ఏడాది నాలుగు రేసులు గెలిచిన మాస్, ఒకే ఒక్క రేసు గెలిచిన ప్రత్యర్థికి టైటిల్ వదులుకోవలసి వచ్చింది. మొత్తం 16 గ్రాండ్ ప్రిలు గెలిచి కూడా అతను ఎన్నడూ ప్రపంచ ఛాంపియన్ కాలేదు.

ఇటువంటి ఉదంతం కంటబడినప్పుడు మూడు విషయాలు విచారించండి: జరిగిన నష్టం ఎంత, అది జరగవచ్చని అతనికి ముందే తెలుసా, అలా చేయమని ఎవరైనా ఒత్తిడి తెచ్చారా? మూడో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. 2002 ఆస్ట్రియా గ్రాండ్ ప్రిలో రూబెన్స్ బారికెల్లో ముగింపు గీతకు కొద్ది దూరంలో వేగం తగ్గించి మైకేల్ షుమాకర్‌కు విజయం ఇచ్చాడు. అది ఫెరారీ జట్టు ఆదేశం. అందులో మనం చూడవలసింది త్యాగం కాదు, విధేయత. దీనికి భిన్నంగా 1956లో ఇటలీలోని మోంజాలో పీటర్ కాలిన్స్, తనకింకా టైటిల్ అవకాశం మిగిలి ఉండగానే, పిట్‌లో (రేసు మధ్యలో కార్లకు మరమ్మతులు చేసే చోట) దిగిపోయి, కారు చెడిపోయిన హువాన్ మాన్యువల్ ఫాంజియోకు తన కారును ఇచ్చాడు. రేసు మధ్యలో కారు మార్చుకొని పాయింట్లు పంచుకోవడాన్ని అప్పటి నిబంధనలు అనుమతించేవి. ఫాంజియో ఆ కారుతో రెండో స్థానంలో వచ్చి ఛాంపియన్ అయ్యాడు. కాలిన్స్ వయసు అప్పుడు 24; ముందు ఇంకా ఎన్నో సీజన్లు ఉంటాయని అనుకోవడానికి తగిన వయసే. రెండేళ్లు తిరగకముందే జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసులో జరిగిన ప్రమాదం వల్ల అతను మరణించాడు.

తర్వాత ప్రమాదాల చరిత్ర చదవండి. ఇది భారమైన చదువే, అయినా మనిషి స్వభావం ఇంత స్పష్టంగా తెలిసే చోటు మరొకటి లేదు. 1973లో జాండ్‌వూర్ట్ వద్ద డచ్ గ్రాండ్ ప్రిలో రోజర్ విలియమ్సన్ కారు తలకిందులై మంటల్లో చిక్కుకున్నప్పుడు, డేవిడ్ పర్లీ తన కారు ఆపి, ట్రాక్ దాటి పరుగెత్తి, ఆ కారును ఒంటరిగా తిప్పే ప్రయత్నం చేశాడు. అక్కడున్న మార్షల్స్‌కు (ట్రాక్ పక్కన భద్రత చూసే సిబ్బందికి) మంటల దగ్గరికి వెళ్లగల దుస్తులు లేవు. పర్లీ విలియమ్సన్‌ను కాపాడలేకపోయాడు. ఆ సాహసానికి అతనికి బ్రిటన్ సాహస పురస్కారమైన జార్జ్ మెడల్ లభించింది. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. ఆ రోజు ఆగకుండా సాగిపోయిన డ్రైవర్లను నిందించడం తేలిక. కాని మండుతున్న కారు పక్కన హెల్మెట్‌తో నిలబడి ఉన్న పర్లీని చూసి, ఆ కారు డ్రైవర్ అతనేనని, క్షేమంగా బయటపడ్డాడని చాలామంది భావించారు. ఒకరిని గౌరవించడం కోసం మరొకరిపై తీర్పు చెప్పే ముందు, ఆ క్షణంలో కాక్‌పిట్ నుంచి ఏం కనిపించి ఉంటుందో ఆలోచించండి.

ర్యాలీలలో ఈ విషయాన్ని నిబంధనలే కొంతవరకు నిర్దేశిస్తాయి. ప్రమాదానికి గురైన వారు సహాయం కోరే బోర్డు చూపితే వెనక వచ్చే జట్టు ఆగి తీరాలి. డకార్ ర్యాలీలో గాయపడిన పోటీదారు కోసం ఆగిన వారికి కోల్పోయిన సమయాన్ని తిరిగి ఇస్తారు. అయినా 2020 డకార్‌లో పడిపోయిన మోటార్‌సైకిల్ పోటీదారు పౌలో గొన్సాల్వెస్ పక్కన, అతన్ని హెలికాప్టర్‌లో తీసుకువెళ్లేవరకు తోటి పోటీదారు టోబీ ప్రైస్ నిలబడిపోయాడంటే, దాన్ని సమయం తిరిగి వస్తుందన్న లెక్కతో వివరించలేము.

ఓడిన రోజు బాధ్యతను ఎవరి మీద పెడతాడన్నది మరో మంచి పరీక్ష. 1976 ఆగస్టు 1న నూర్‌బర్గ్‌రింగ్ మంటల్లో తీవ్రంగా కాలిన నికీ లౌడా, ఆరు వారాల తర్వాత మోంజాలో రేసుకు దిగి నాలుగో స్థానం సాధించాడు. ఆ తెగువ అందరికీ తెలిసిందే. నాకు అంతకంటే గొప్పగా తోచేది అదే ఏడాది అక్టోబరులో జరిగిన సంగతి. టైటిల్‌ను తేల్చే జపాన్‌లోని ఫుజీ రేసులో కుండపోత వాన కురుస్తుండగా అతను రెండు ల్యాప్‌ల తర్వాత కారు ఆపేశాడు. ఇంజిన్ చెడిందని ప్రకటిద్దామని ఫెరారీ ఇంజినీరు మౌరో ఫోర్గియేరి ముందుకు వచ్చాడు, లౌడా ఒప్పుకోలేదు. ఆ పరిస్థితిలో నడపడం తన ప్రాణానికి ప్రమాదమని నిర్ణయించుకున్నది తానేనని చెప్పాడు. టైటిల్ ఒక్క పాయింటు తేడాతో జేమ్స్ హంట్‌కు దక్కింది. నేటి రేసుల్లో ఈ పరీక్షకు రేడియో సంభాషణలు ఉపయోగపడతాయి. పిట్‌లో చక్రం బిగించడం ఆలస్యమైనప్పుడు డ్రైవర్ మెకానిక్‌ల గురించి ఏమన్నాడో, తన పొరపాటు వల్ల కారు గోడకు తగిలినప్పుడు జట్టుతో ఏమన్నాడో గమనించండి. అయితే ప్రసారంలో వినిపించేవి ఎంపిక చేసిన ముక్కలేనని గుర్తుంచుకొని, ఒక్క వాక్యాన్ని బట్టి కాక సీజన్ పొడవునా విని అభిప్రాయానికి రండి.

మనసుకు నచ్చే మనిషి, గౌరవించదగిన మనిషి ఎప్పుడూ ఒకరే కానవసరం లేదు. కిమి రైకోనెన్ మితభాషి, విలేఖరులకు ముక్తసరి జవాబులిచ్చేవాడు. అయినా 2017లో బార్సిలోనాలో అతను తొలి ల్యాప్‌లోనే నిష్క్రమించినప్పుడు స్టాండ్‌లో ఏడ్చిన పిల్లవాణ్ణి ఫెరారీ వారు పిలిపించగా, అతను ఆ బాబుతో గడిపిన తీరు చూసినవారెవరూ అతన్ని కఠినుడని అనలేరు. జాకీ స్టీవర్ట్ కథ దీనికి తలకిందులుగా ఉంటుంది. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ వద్ద ప్రమాదంలో ఇంధనంతో తడిసిన కారులో ఇరుక్కుపోయిన అతన్ని తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండురాంట్ బయటకు తీశారు. ఆ తర్వాత రక్షణ కంచెలు, వైద్య సదుపాయాలు, సీటు బెల్టుల కోసం అతను ఏళ్ల తరబడి పోరాడాడు. పిరికివాడన్నారు, క్రీడ అందాన్ని చెడగొడుతున్నాడన్నారు. మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన మనిషి తన ప్రజాదరణను పణంగా పెట్టి తెచ్చిన మార్పు అది. అందువల్ల ఒక డ్రైవర్ మీద తోటివారు చిరాకు పడుతున్నారంటే, ఆ చిరాకుకు కారణమేమిటో తప్పక విచారించండి.

పూర్తి నిర్దోషిని వెతకకండి. అయర్టన్ సెన్నా 1990లో సుజుకాలో అలెన్ ప్రోస్ట్ కారును కావాలనే ఢీకొన్నాడు. మరుసటి ఏడాది ఆ మాట తానే బహిరంగంగా ఒప్పుకున్నాడు. అదే సెన్నా 1992లో స్పా వద్ద ప్రాక్టీస్‌లో స్పృహ కోల్పోయిన ఎరిక్ కోమాస్‌ను చూసి, తన కారు ఆపి ట్రాక్ మీదే పరుగెత్తి, మంటలు రాకుండా అతని కారు ఇంజిన్‌ను ఆపాడు. రెండూ నిజాలే. రెండోదాన్ని చూపి మొదటిదాన్ని చెరిపివేయకూడదు, మొదటిదాన్ని పట్టుకొని రెండోదాన్ని తక్కువ చేయకూడదు. సెబాస్టియన్ వెటెల్ విషయంలో కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2013 మలేసియాలో జట్టు ఆదేశాన్ని కాదని సహచరుడు మార్క్ వెబర్‌ను దాటి గెలిచిన యువకుడే, 2021లో సిల్వర్‌స్టోన్ రేసు ముగిశాక స్టాండ్లలో చెత్త ఏరేవారితో కలిసి పనిచేశాడు; అదే ఏడాది సౌదీ అరేబియాలో మహిళల కోసం కార్టింగ్ (చిన్న రేసు కార్ల) పోటీ ఏర్పాటు చేశాడు. కెరీర్ మధ్యలో ఆగి చూస్తే ఇటువంటి మనిషి మనకు సగమే అర్థమవుతాడు.

కాక్‌పిట్ బయట ఉన్నవారిని కూడా మీ జాబితాలో చేర్చుకోండి. 1978 నుంచి 2004 వరకు ఫార్ములా వన్ వైద్య బాధ్యతలు చూసిన న్యూరోసర్జన్ సిడ్ వాట్కిన్స్ వల్ల ఎందరో డ్రైవర్లు బతికి బయటపడ్డారు. 2020 బహ్రెయిన్ రేసులో రొమైన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మండినప్పుడు, తొలి ల్యాప్‌లో కార్ల వెనకే వచ్చే మెడికల్ కారు నుంచి దిగి డాక్టర్ ఇయాన్ రాబర్ట్స్ ఆ మంటల దగ్గరికే వెళ్లారు. ర్యాలీలో 1982 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం సాధించిన మిషెల్ మూటన్, 2010 నుంచి అంతర్జాతీయ మోటార్ క్రీడా సంస్థ ఎఫ్ఐఏ మహిళా కమిషన్‌కు నాయకత్వం వహించి తన తర్వాతి తరానికి దారి వేసింది. మార్షల్స్‌లో అత్యధికులు స్వచ్ఛందంగా పనిచేసేవారే.

ఒక పేరు మీద మనసు నిలిచాక, మీరు విన్న కథలను సరిచూసుకోండి. మంచి కథ చేతులు మారే కొద్దీ పెరుగుతుంది. ఫార్ములా వన్‌లో స్టీవార్డుల (నిబంధనల ఉల్లంఘనలపై తీర్పు చెప్పే అధికారుల) నిర్ణయ పత్రాలను ఎఫ్ఐఏ ప్రతి రేసు వారాంతంలో బహిరంగంగా ప్రచురిస్తుంది. శిక్ష ఎంతన్నదే కాక డ్రైవర్ ఇచ్చిన వివరణ ఏమిటో కూడా తరచుగా అందులో ఉంటుంది. పాత రేసులకైతే ఆ వారంలోనే వెలువడిన పత్రికా కథనాలను, అవతలి పక్షం వారు చెప్పిన మాటలను కలిపి చదవండి. ఒక డ్రైవర్ గొప్పతనాన్ని అతని జట్టు మాత్రమే కాక, అతని వల్ల ఓడినవారు కూడా చెప్పినట్లయితే, ఆ మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి.