అండమాన్ వెళ్తున్నారా? సంచి సర్దేముందు ఇవి చూసుకోండి

- విమానం టికెట్లు ముందు చూడండి. స్కూబా డైవింగ్ చేశాక కనీసం 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు, ఎందుకంటే లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్, విమానం పైకెళ్లి గాలి ఒత్తిడి తగ్గగానే బుడగలు కడుతుంది. చివరి రోజు డైవింగ్ పెట్టుకోవద్దు, దయచేసి.
- ఆస్తమా, గుండె జబ్బు ఉంటే డైవింగ్ చేయించేవాళ్లకు దాచకుండా చెప్పండి.
- హేవ్‌లాక్ దీవికి (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) వెళ్లే పడవలో వాంతులొచ్చేవాళ్లు డాక్టర్ని అడిగి మాత్ర ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు.
- పగడపు దిబ్బల దగ్గర రబ్బరు చెప్పులు తీయకండి. గీసుకుంటే చిన్న గాయమే కదా అని వదిలేయకుండా మంచినీళ్లతో బాగా కడిగి, లోపల ఇరుక్కున్న ముక్కలు తీసి, మందు రాయండి. తడి ఇసుకలో చీము పట్టేస్తుంది.
- మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలి లోతు నీళ్లలోకి కూడా దిగొద్దు. పిల్లలకిది గట్టిగా చెప్పండి.
- సాయంత్రం ఇసుక ఈగలు కుడతాయి, నిండు చేతుల చొక్కా ఉంచుకోండి.
- ఓఆర్‌ఎస్, రోజువారీ మందులు చేతి సంచిలోనే. చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ, కాబట్టి నగదు కూడా.