హెచ్1బి వీసా మీద ఉన్నాం, ఇంట్లోకి నీళ్లొచ్చాయి: ఫెమా సాయం అడగొచ్చా?

హరికేన్ వెళ్లిపోయిన మర్నాడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి రెండే ప్రశ్నలు. ఒకటి "మీకు కరెంట్ వచ్చిందా?", రెండోది "ఫెమాకి (విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థకి) అప్లై చేశారా?". ఈ రెండో దానికి సగం మంది చెప్పే జవాబు, "మనం హెచ్1బి కదండీ, మనకేం రాదు". ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం తెలియక, అడిగితే వచ్చేదాన్ని అడక్కుండానే గడువు దాటబెట్టుకుంటారు.

నేను లాయర్ని కాను. హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాను, 2017లో హార్వీ, 2024 జులైలో బెరిల్ హరికేన్లు రెండూ చూశాను, తెలిసినవాళ్ల పక్కన కూర్చుని ఈ అప్లికేషన్లు నింపించాను. ఇది టెక్సస్‌లో ఉన్నవాళ్లకే కాదు, టాంపా, ఒర్లాండో, షార్లెట్ వైపు ఉన్నవాళ్లకీ పనికొస్తుంది, ఎందుకంటే ఫెమా అనేది ఫెడరల్ ప్రభుత్వానిది, రూల్స్ అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే.

ముందు ఒక్క పని. తుడవకండి. నీళ్లు దిగగానే మనకి చెయ్యి ఊరుకోదు, తడిసిన కార్పెట్ లాగేసి బయట పడేసి, బ్లీచ్ కొట్టేసి, సాయంత్రానికి ఇల్లు ఏమీ జరగనట్టు పెట్టేస్తాం. అలా చేస్తే ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి చూపించడానికి ఏమీ ఉండదు. గోడ మీద నీళ్లు నిలిచిన చోట ఒక గోధుమరంగు గీత పడుతుంది చూడండి, దాని పక్కన కొలిచే టేపు పెట్టి, అంకెలు కనపడేలా ఫోటో తీయండి. ప్రతి గదికీ అలాగే. వాటర్ హీటర్, ఏసీ యూనిట్, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ వీటి మీద మోడల్ నంబర్, సీరియల్ నంబర్ ఉన్న స్టిక్కర్ ఉంటుంది, దాన్ని దగ్గర నుంచి తీయండి. కార్పెట్ పడేయక తప్పదనుకుంటే చేతి వెడల్పంత ముక్క కోసి కవర్లో దాచండి. అప్పుడు శుభ్రం చేసుకోండి, తడిసిన షీట్‌రాక్‌ని (గోడలకి వేసే జిప్సం పలకల్ని) రోజుల తరబడి ఉంచితే బూజు పట్టి అదో కొత్త సమస్య. నష్టం ఇంకా పెరగకుండా చేసుకున్న పనికి, కొన్న టార్పాలిన్‌కి రసీదులు దాచుకోవాలి.

తర్వాత ఇన్సూరెన్స్. ఫెమాకంటే ముందు ఇదే, ఎందుకంటే ఇన్సూరెన్స్ ఇచ్చిన దానికే మళ్లీ ఫెమా డబ్బివ్వడం చట్టప్రకారం కుదరదు, కాబట్టి మీకెంత వచ్చింది లేదా ఎందుకు రాలేదు అన్న కాగితం వాళ్లడుగుతారు. ఇక్కడ మనవాళ్లు చాలామంది దెబ్బ తినే చోటు ఒకటుంది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ గాలికి పైకప్పు లేచిపోతే ఇస్తుంది, వరద నీళ్లు కింద నుంచి లోపలికొస్తే ఇవ్వదు. దానికి ఫ్లడ్ పాలసీ వేరే ఉండాలి. హార్వీ అప్పుడు సింకో రాంచ్ వైపు ఇళ్లు గాలికి పాడవలేదు, బార్కర్ రిజర్వాయర్ నిండి వెనక్కి తన్నిన నీళ్లకి మునిగాయి, "ఇది ఫ్లడ్ జోన్ కాదు" అని ఇల్లు కొన్నప్పుడు విన్న మాట నమ్మి పాలసీ తీసుకోనివాళ్లు అందులో చాలామంది. ఫ్లడ్ పాలసీ ఉన్నవాళ్లు మాత్రం, అది ఫెడరల్ ప్రోగ్రాం కింద తీసుకున్నదైతే, ఎంత నష్టం జరిగిందో చెప్పే ప్రూఫ్ ఆఫ్ లాస్ అనే కాగితం సంతకం పెట్టి 60 రోజుల్లోపు ఇవ్వాలని గుర్తు పెట్టుకోండి. ఇంకో లెక్క కూడా చూసుకోండి. హరికేన్ డిడక్టబుల్ చాలా పాలసీల్లో శాతంలో ఉంటుంది, 4 లక్షల డాలర్ల కవరేజీకి 2 శాతం అంటే 8 వేలు మన జేబులోంచే. నష్టం అంతకంటే తక్కువే ఉంది కదా, క్లెయిమ్ ఎందుకు అని వదిలేయకండి. క్లెయిమ్ పెట్టి "మీకు రాదు" అన్న లెటర్ తెచ్చుకుంటే ఫెమా దగ్గర ఆ లెటరే పనికొస్తుంది.

ఇప్పుడు ఫెమా. హరికేన్ వచ్చినంత మాత్రాన డబ్బులు రావు. గవర్నర్ అడగాలి, అధ్యక్షుడు మేజర్ డిజాస్టర్ అని ప్రకటించాలి, ఆ ప్రకటనలో మీ కౌంటీ పేరు ఉండాలి, అది కూడా ఇండివిడ్యువల్ అసిస్టెన్స్ కింద ఉండాలి. పబ్లిక్ అసిస్టెన్స్ అని మాత్రమే ఉంటే అది రోడ్లకీ స్కూళ్లకీ, మన ఇళ్లకి కాదు. కౌంటీలని విడతలవారీగా కలుపుతుంటారు, మొదటి రోజు మీది లేకపోతే రెండు మూడు రోజులకోసారి చూస్తుండండి. డిజాస్టర్ అసిస్టెన్స్ డాట్ గవ్ సైట్లో మీ అడ్రస్ కొడితే చెప్తుంది.

ఎవరికి వస్తుంది? సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి, రెఫ్యూజీ, అసైలం లాంటి కొన్ని కేటగిరీల వాళ్లకి. హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు వాళ్ల పేరు మీద నగదు సాయం అడగలేరు, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలూ అంతే. మీ పాప గాని బాబు గాని ఇక్కడే పుట్టి, 18 ఏళ్లలోపు ఉండి, మీతో అదే ఇంట్లో ఉంటుంటే మాత్రం ఆ పిల్లల తరఫున తల్లో తండ్రో అప్లై చేయొచ్చు. పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వాలి. డిక్లరేషన్ అనే ఫారం మీద దీనికి విడిగా ఒక గడి కూడా ఉంది, "సిటిజన్ అయిన మైనర్ పిల్లలకి నేను తల్లిని లేదా తండ్రిని" అనే అర్థంతో, పక్కనే పిల్లల పేరూ వయసూ రాయడానికి చోటు. ఆ గడిలోనే టిక్ పెట్టండి. పైన ఉన్న "నేను సిటిజన్‌ని" అన్న గడిలో పొరపాటున కూడా పెట్టకండి, నేను సిటిజన్‌ని అని తప్పుగా చెప్పడం ఇమిగ్రేషన్‌లో చాలా పెద్ద తలనొప్పి, తర్వాత ఏ లాయరూ సులభంగా బయటపడేయలేనంత. అందుకే పిల్లల తరఫున అప్లై చేసేవాళ్లు ఆన్‌లైన్లో తొందర తొందరగా నొక్కుకుంటూ పోకుండా, ఫోన్లోనో డిజాస్టర్ రికవరీ సెంటర్‌కి వెళ్లో చేయించుకుంటే మంచిదని నా అభిప్రాయం. హెల్ప్‌లైన్ 800-621-3362. అటు మనిషి రాగానే మొదటి వాక్యంలోనే "సిటిజన్ అయిన మా పాప తరఫున అప్లై చేస్తున్నాను" అని చెప్పేయండి. ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, మొహమాటపడక్కర్లేదు.

"ఇది తీసుకుంటే రేపు గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందా?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. 2022లో వచ్చిన పబ్లిక్ ఛార్జ్ రూల్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే రూల్) ప్రకారం విపత్తు సాయాన్ని అందులో లెక్కపెట్టరు. అయినా ఇమిగ్రేషన్ రూల్స్ ఎప్పుడెలా మారతాయో మీకూ తెలుసు, ఫెమా ఉండేది కూడా హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ కిందే, కాబట్టి కేసు మధ్యలో ఉన్నవాళ్లు అప్లై చేసే ముందు మీ అటార్నీకి ఒక మెయిల్ కొట్టి తెలుసుకోండి. పక్కింటాయన మాట మీద మానేయకండి, పక్కింటాయన మాట మీద చేయకండి కూడా.

గడువు మామూలుగా ప్రకటన వచ్చిన రోజు నుంచి 60 రోజులు. పొడిగిస్తుంటారు గానీ దాన్ని నమ్ముకోవద్దు. తక్షణ అవసరాలకిచ్చే సీరియస్ నీడ్స్ సాయం అని ఒకటుంది, ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చినవాళ్లకీ తిండి, పాలడబ్బాలు, పెట్రోలు లాంటి ఖర్చు మీద పడ్డవాళ్లకీ ఒక్కసారి ఇచ్చే మొత్తం, బెరిల్ అప్పుడు 750 డాలర్లు, 2024 అక్టోబర్ నుంచి ప్రకటించిన వాటికి 770 చేశారు. దీనికి మొదటి 30 రోజుల్లోనే అప్లై చేయాలి, కాబట్టి రెండో నెలలో తీరిగ్గా చూద్దాం అనుకుంటే ఇది పోయినట్టే. అప్లికేషన్లో "అత్యవసర అవసరాలు ఉన్నాయా" అన్న ప్రశ్న దగ్గర మనవాళ్లు "పర్లేదులే, మా కజిన్ ఇంట్లో ఉన్నాం" అని లేదు అని పెట్టేస్తారు. కజిన్ ఇంట్లో ఉన్నారంటేనే మీ ఇంట్లో ఉండలేకపోతున్నారని అర్థం, ఉన్నది ఉన్నట్టు రాయండి.

అప్లికేషన్ ఇంటికి ఒకటే. భార్య ఒకటి, భర్త ఒకటి పెట్టారంటే డూప్లికేట్ అని రెండూ ఆగిపోతాయి, ఇది నిజంగా జరిగే పని, ఒకరు ఫోన్లో చేస్తుంటే ఇంకొకరు యాప్‌లో చేసేస్తారు. కుటుంబం కాని రూమ్మేట్లు మాత్రం ఎవరిది వాళ్లు పెట్టుకోవచ్చు. అద్దెకుండేవాళ్లూ అప్లై చేయొచ్చు: ఇంటి రిపేరు రాదు గానీ, పాడైన సామాన్లకి, కొన్నాళ్లు వేరే చోట ఉండడానికయ్యే అద్దెకి అడగొచ్చు. ఎంత వస్తుందంటే, 2024 అక్టోబర్ నుంచి ఏడాదిపాటు ప్రకటించిన విపత్తులకి ఇంటి కింద 43,600, ఇతర అవసరాల కింద ఇంకో 43,600 డాలర్లు గరిష్ఠ పరిమితి. ఇది పరిమితి మాత్రమే, అందరికీ అంత వస్తుందని కాదు, చాలామందికి అందులో చిన్న భాగమే వస్తుంది. తిరిగి కట్టక్కర్లేదు, దాని మీద ఇన్‌కమ్ టాక్స్ లేదు.

అప్లికేషన్ చివర్లో 9 అంకెల నంబర్ ఒకటిస్తారు. దాన్ని ఫ్రిజ్ మీద కూడా రాసిపెట్టుకోండి, మీరు హెల్ప్‌లైన్‌కి చేసే ప్రతి ఫోన్ కాల్‌కీ అదే అడుగుతారు.

తర్వాత ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేస్తాడు, తెలియని నంబర్ అని స్పామ్ అనుకుని కట్ చేయకండి, ఆ వారం పది రోజులు అన్ని కాల్సూ ఎత్తాల్సిందే. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రాసుకుని వెళ్తాడు, నిర్ణయం అతనిది కాదు, అతనితో బేరాలొద్దు. ఫోటో ఐడీ చూపించమనండి, నిజమైన ఇన్‌స్పెక్టర్ చూపిస్తాడు. డబ్బు అడిగితే దొంగే, ఫెమాలో ఏ దశలోనూ ఫీజు లేదు. "మీ అప్లికేషన్ నంబర్ చెప్పండి" అని అవతలివాడే అడుగుతుంటే కూడా అనుమానించండి, ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆ నంబర్ ముందే ఉంటుంది.

ఇక లెటర్. మొదటి లెటర్లో "అర్హత లేదు" అని ఉంటే చాలామంది అక్కడితో వదిలేస్తారు. లెటర్ రెండో పేజీ కూడా చదవండి. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం నిజంగా కాదనడం కాదు, కాగితం ఏదో తక్కువైందని: ఇన్సూరెన్స్ సెటిల్‌మెంట్ లెటర్ జత చేయలేదనో, ఇల్లు మీదేనని నిరూపణ లేదనో, అక్కడే ఉంటున్నట్టు ఆధారం లేదనో. తెలిసినావిడ ఒకావిడ అప్లికేషన్లో ఇంటిపేరు ముందు రాసి, పేరు వెనక రాశారు, డ్రైవింగ్ లైసెన్సులో తిరగేసి ఉంది, రెండూ కలవక ఐడెంటిటీ వెరిఫై కాలేదు. మన పేర్లతో వచ్చే పాత తిప్పలే. లైసెన్సు కాపీ, కరెంటు బిల్లు, నాలుగు వాక్యాల ఉత్తరం పంపితే సరిపోయింది. అప్పీల్‌కి లెటర్ మీద ఉన్న తేదీ నుంచి 60 రోజులు టైముంటుంది. ఇల్లు మీదేనని చూపడానికి మార్ట్‌గేజ్ స్టేట్‌మెంటో ప్రాపర్టీ టాక్స్ బిల్లో, ఉంటున్నందుకు కరెంటు బిల్లో లీజో, రిపేరుకి కాంట్రాక్టర్ రాసిచ్చిన ఎస్టిమేట్ జత చేయండి. పంపే ప్రతి పేజీ మీదా ఆ 9 అంకెల నంబర్ వేయండి, ఒక పేజీ విడిపోతే అది ఎవరిదో వాళ్లకి తెలియదు.

మీ ఇంట్లో సిటిజన్ పిల్లలు లేరు, అందరూ వీసా మీదే ఉన్నారు అంటే? నగదు రాదు, కానీ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. షెల్టర్, తాగునీళ్లు, భోజనం, కౌన్సెలింగ్, ఉచిత లీగల్ సాయం ఇలాంటివాటికి స్టేటస్‌తో పని లేదు. 211కి ఫోన్ చేస్తే మీ ఊళ్లో ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్తారు. టాక్సులు కట్టేవాళ్లందరికీ పనికొచ్చేది ఇంకొకటుంది, దీని సంగతి ఎవరూ చెప్పుకోరు: ఫెడరల్‌గా ప్రకటించిన విపత్తులో ఇన్సూరెన్స్ ఇవ్వని నష్టాన్ని ఫారం 4684తో టాక్స్‌లో క్లెయిమ్ చేయొచ్చు, ఆ ఏడాది రిటర్న్‌లోనే కాకుండా కావాలంటే ముందు ఏడాది రిటర్న్ సవరించి కూడా. స్టాండర్డ్ డిడక్షన్, ఆదాయంలో శాతం లాంటి లెక్కలు అడ్డొస్తాయి, అందరికీ లాభం ఉండదు, మీ సీపీఏకి (టాక్సులు చూసే అకౌంటెంట్‌కి) ఫోటోలూ రసీదులూ ఇచ్చి లెక్క వేయించుకోండి.

కాగితాలు తడిసిపోయినవాళ్లకి: ఐ94 (దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు) ఆన్‌లైన్లో మళ్లీ ప్రింటు తీసుకోవచ్చు, ఐ797 (అప్రూవల్ నోటీసు) కాపీ మీ కంపెనీ లాయర్ దగ్గర ఉంటుంది. పాస్‌పోర్టు అక్షరాలు చెరిగిపోతే అది పాడైనట్టే లెక్క, కొత్తదానికి అప్లై చేయాలి. ఆరబెట్టి ఇస్త్రీ చేసి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాలనుకోకండి. ఇల్లు బాగయ్యేదాకా డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో అన్నయ్య వాళ్లింటి నుంచి నెలలపాటు పని చేద్దామనుకునే హెచ్1బి వాళ్లు, పని చేసే ఊరు మారితే ఎల్‌సీఏ (మీ ఉద్యోగం గురించి కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి ఇచ్చే కాగితం) మార్చాల్సి రావొచ్చు, మేనేజర్ "పర్లేదు" అన్నా సరే, బయల్దేరే ముందే అటార్నీకి చెప్పండి.