ఇంగ్లీషులో సరైన టెన్స్ ఎంచుకోవడం ఎలా?

పన్నెండు టెన్సుల పట్టికను కంఠతా పట్టినవారు కూడా మాట్లాడబోయేసరికి తడబడతారు. చిక్కు పట్టికలో లేదు, మన క్రియలో ఉంది. ‘వెళ్తాను’ అనే ఒక్క మాట రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఆ రెండూ వేరు. అందుకే క్రియ జోలికి వెళ్లే ముందు కాలం చెప్పే మాటను వెతకండి.

మొదట వాక్యంలో ‘రోజూ’ పెట్టి చూడండి. అతికితే అలవాటు: ‘ఐ గో’. ‘రేపు’ అతికితే ‘ఐ విల్ గో’. ముందే ఖాయమైన ప్రయాణమైతే ‘ఐ యామ్ గోయింగ్ టుమారో’ ఇంకా సహజం.

అలవాటు చెప్పేటప్పుడు హీ, షీ, ఇట్ తర్వాత క్రియకు ‘ఎస్’ చేరుతుంది: ‘హీ వర్క్స్’. ప్రశ్న అడిగితే ఆ భారం ‘డజ్’ మీద పడుతుంది: ‘డజ్ హీ వర్క్?’ గతాన్ని ‘డిడ్’ కూడా అలాగే మోస్తుంది. కాబట్టి ‘డిడ్ నాట్ గో’ అనాలి. ‘డిడ్ నాట్ వెంట్’ అంటే ఒకే బరువును ఇద్దరి నెత్తిన పెట్టినట్టు.

ఈ క్షణంలో సాగుతున్న పనికి ‘ఐ యామ్ రీడింగ్’. అయితే ‘ఐ యామ్ నోయింగ్’ అనకండి. ‘నాకు తెలుసు’ అనడానికి ‘ఐ నో’ చాలు. ఇక్కడ తెలుగే మనకు దారి చూపిస్తోంది.

అసలు తిప్పలు ‘చూశాను’తో. ‘ఎప్పుడు?’ అంటే వాక్యంలోనో సందర్భంలోనో జవాబు ఉందా? ఉంటే ‘ఐ సా ఇట్ యెస్టర్‌డే’. ఎప్పుడన్నది ముఖ్యం కాక, చూశానన్నదే చెప్పాలనుకుంటే ‘ఐ హావ్ సీన్ ఇట్’. ఈ రెండో దానికి ‘యెస్టర్‌డే’ తగిలించకూడదు. చదువుకున్నవారు కూడా ఎక్కువగా జారిపడేది ఇక్కడే.

చివరిగా ‘నుంచి’. మనం ‘2022 నుంచి’ అంటాం, ‘రెండేళ్ల నుంచి’ అనీ అంటాం. ఇంగ్లీషులో మొదలైన సమయానికి ‘సిన్స్’, గడిచిన వ్యవధికి ‘ఫర్’. ‘రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అని చెప్పాలంటే ‘ఐ యామ్ వర్కింగ్’ కుదరదు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’ అనాలి. పని ఇంకా సాగుతోందన్న సంగతి ఆ ‘హావ్ బీన్’లోనే ఉంది.