చీజ్ మానేశాకే ముల్లు కదిలింది

కార్బ్స్ (పిండిపదార్థాలు, చక్కెరలు) తగ్గించిన మొదటి రెండు నెలలు బరువు బాగానే దిగింది. తర్వాత ముల్లు మొండికేసింది. చక్కెర లేదు, పిండి వంటలు లేవు, మరి ఎక్కడ తేడా కొడుతోంది?

ఒక వారం పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ కాగితం మీద రాశాను. దొంగ దొరికాడు. కాఫీలో క్రీమ్, గుడ్ల మీద చీజ్, ఊసుపోక నమిలిన చీజ్ ముక్కలు. కార్బ్స్ లేవు కదా అని వాటిని లెక్కే వేయలేదు. 100 గ్రాముల చెడ్డార్ చీజ్‌లో దాదాపు 400 కేలరీలు. రోజూ నేను లాగించింది ఇంచుమించు అంతే! పాలలోనైతే 100 మి.లీ.కి సుమారు 5 గ్రాముల లాక్టోజ్, అదీ చక్కెరే.

మూడు వారాలు పాల పదార్థాలన్నీ ఆపేశాను. నాలుగు రోజులు కాఫీ కషాయంలా అనిపించింది (ఇప్పటికీ కొంచెం అంతే). తీపి కలపని బాదం పాలతో సర్దుకున్నాను. డబ్బా మీద పదార్థాల జాబితా చదివే కొనండి, కొన్నింటిలో చక్కెర ఉంటుంది. కాల్షియం కోసం ఆకుకూరలు, నువ్వులు, ముళ్లతో సహా తినే చిన్న చేపలు.

కడుపుబ్బరం మొదటి వారంలోనే పోయింది. ముల్లు రెండో వారంలో కదిలింది. ఇప్పుడు చీజ్ మళ్లీ తింటున్నాను, కాకపోతే తూచి 30 గ్రాములే. క్రీమ్‌ని మాత్రం ఇంట్లోకి రానివ్వడం లేదు.