కొత్త గోల్ఫ్ డ్రైవర్‌తో బంతి దారి తప్పుతోందా? లక్షణం చూసి కారణం పట్టుకునే పద్ధతి

గోల్ఫ్ ఆడే మనవాళ్లలో చాలామందికి కొత్త డ్రైవర్, అంటే బంతిని అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన తమ్ముడి సామానులోనో అల్లుడి సామానులోనో వస్తుంది. ప్రేమగా తెచ్చింది కాబట్టి లాఫ్ట్ (బంతిని కొట్టే ముఖం వాలు) ఎంత, షాఫ్ట్ (క్లబ్ కర్ర) ఎంత గట్టిది అని అడిగే సందర్భం ఉండదు. హైదరాబాద్‌లో షాపులో కొన్నవాళ్ల పరిస్థితి కూడా దీనికి పెద్ద తేడాగా ఉండదు. వలలోకి నాలుగు బంతులు కొట్టి, తెర మీద పెద్ద అంకె కనిపించగానే డబ్బు కట్టేస్తారు.

కొన్నాళ్లకు బంతి కుడివైపు చెట్లలోకి వెళ్లడం మొదలవుతుంది. కొందరు డ్రైవర్ బాగాలేదని సగం ధరకు అమ్మేస్తారు. ఇంకొందరు తమ స్వింగే, అంటే క్లబ్ తిప్పే తీరే, పాడైందని దిగులుపడి, ఉన్న స్వింగ్‌ను కూడా కలగాపులగం చేసుకుంటారు. బంతి ఫేస్ (హెడ్‌లో బంతిని కొట్టే ముఖం) మీద ఎక్కడ తగులుతోందో చూడకుండా ఆ రెండు నిర్ణయాల్లో ఏదీ తీసుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. కింద రాసిందంతా కుడిచేతివాటం వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎడమచేతివాటం వాళ్లు కుడి, ఎడమలను తిప్పి చదువుకోండి.

ముందుగా ఒక పరీక్ష

పాదాలకు కొట్టుకునే పౌడర్ స్ప్రే మందుల షాపులో దొరుకుతుంది. దాన్ని డ్రైవర్ ఫేస్ మీద పలచగా కొట్టి, రేంజ్‌లో, అంటే సాధన మైదానంలో, పది బంతులు ఆడండి. ప్రతి బంతి తగిలిన చోట గుండ్రటి మచ్చ పడుతుంది. స్ప్రే లేకపోతే బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్‌కు తగిలేలా టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) మీద ఉంచండి. మధ్యలో ఏదీ సరిదిద్దుకోవద్దు. చివర్లో ఒక ఫోటో తీసుకుని ఫేస్ శుభ్రంగా తుడిచేయండి. ఇది రేంజ్‌కే పరిమితం. రౌండ్‌లో, అంటే కోర్సులో ఆడే అసలు ఆటలో, ఫేస్ మీద ఏదైనా పూసి ఆడటం నియమాలకు విరుద్ధం.

ఆ మచ్చలు చాలా చెబుతాయి. డ్రైవర్ ఫేస్ చదునుగా కనిపించినా నిజానికి కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. బంతి మధ్యలో కాకుండా పక్కకు తగిలితే హెడ్ ఒకవైపు తిరుగుతుంది, దానికి ఎదురుగా బంతి రెండోవైపు తిరుగుతుంది. అందుకే హీల్ (ఫేస్‌లో షాఫ్ట్‌కు దగ్గరి చివర) వైపు తగిలిన బంతి కుడికి వంగుతుంది, టో (అవతలి చివర) వైపు తగిలిన బంతి ఎడమకు వంగుతుంది. ఫేస్ కింది భాగంలో తగిలితే స్పిన్ పెరిగి దూరం పడిపోతుంది. మధ్య నుంచి కాస్త పైన తగిలితే స్పిన్ తగ్గి బంతి చక్కగా ముందుకు సాగుతుంది. మీ స్వింగ్ ఏ మార్పూ లేకుండా నిన్నటిలాగే ఉన్నా, మచ్చ ఒక అంగుళం పక్కకు జరిగితే చాలు, షాట్ పూర్తిగా వేరేలా కనిపిస్తుంది.

లక్షణం: బంతి కుడికి వంగిపోతోంది (స్లైస్)

మన దగ్గర ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

బంతి ఎంత వంగిందన్నది తర్వాత చూద్దాం, ముందు ఎటు బయలుదేరిందో గమనించండి. డ్రైవర్‌తో బంతి బయలుదేరే దిశ ఎక్కువగా ఫేస్ చూసే దిశను బట్టే ఉంటుంది. వంపు మాత్రం ఫేస్‌కీ స్వింగ్ దారికీ ఉన్న తేడా నుంచి వస్తుంది. ఎడమకు బయలుదేరి కుడికి తిరిగితే స్వింగ్ బయటి నుంచి లోపలికి కోస్తున్నట్టు. మొదటి నుంచే కుడికి వెళ్లి ఇంకా కుడికి పోతే ఫేస్ తెరుచుకుని ఉన్నట్టు. తిన్నగా బయలుదేరి చివర్లో కుడికి జారితే పౌడర్ ఫోటో చూడండి, మచ్చలు హీల్ దగ్గర ఉండే అవకాశం ఎక్కువ.

ఇక కారణాలు. మొదటిది, లాఫ్ట్ తగ్గించడం. ఇప్పటి డ్రైవర్లలో హెడ్, షాఫ్ట్ కలిసే చోట ఉండే స్లీవ్‌ను తిప్పి లాఫ్ట్ మార్చుకోవచ్చు. దూరం పెరుగుతుందని 10.5 డిగ్రీలు ఉన్నదాన్ని 9కి దించేస్తారు. కానీ ఆ స్లీవ్‌తో లాఫ్ట్ తగ్గిస్తే ఫేస్ కుడివైపు తెరుచుకుంటుంది, పెంచితే ఎడమవైపు మూసుకుంటుంది. దానికితోడు తక్కువ లాఫ్ట్ ఉంటే పక్క స్పిన్ ప్రభావం ఎక్కువగా కనిపిస్తుంది. స్లైస్ ఉన్నవాళ్లు లాఫ్ట్ తగ్గించడం ఏ విధంగా చూసినా నష్టమే. వెంటనే మొదటి సెట్టింగ్‌కు తీసుకురండి, అక్కడి నుంచి ఒక మెట్టు పైకి పెంచి చూడండి. చాలామందికి సగం స్లైస్ అక్కడే తగ్గుతుంది, పైగా దూరం కూడా పెరుగుతుంది.

రెండోది, నిలబడే తీరు. డ్రైవర్‌కి బంతిని ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా పెడతాం. కొత్త డ్రైవర్ మీది ఉత్సాహంతో బంతి ఇంకా ముందుకు జరుగుతుంది. దాన్ని అందుకోవడానికి భుజాలు తెలియకుండానే ఎడమకు తెరుచుకుంటాయి. పాదాలు సరిగ్గానే ఉండటంతో మనకు అనుమానం రాదు. ఒక క్లబ్‌ను ఛాతీకి అడ్డంగా పట్టుకుని అది ఎటు చూస్తోందో చూడండి. అది టార్గెట్‌కు ఎడమ వైపు చూస్తుంటే బంతిని ఒక బంతి వెడల్పు వెనక్కి జరపండి.

మూడోది, పొడవు. షాపులో దొరికే డ్రైవర్లు చాలావరకు 45.5 అంగుళాలు, అంతకంటే కాస్త ఎక్కువే ఉంటాయి. పొడవు పెరిగితే వేగం కొంచెం పెరుగుతుంది కానీ ఫేస్ మధ్యలో కొట్టడం అంతకంటే ఎక్కువ కష్టమవుతుంది. 2000లో టైగర్ వుడ్స్ చేతిలో ఉన్న డ్రైవర్ పొడవు 43.5 అంగుళాలే, అది కూడా స్టీల్ షాఫ్ట్. మచ్చలు హీల్ నుంచి టో దాకా చెల్లాచెదురుగా పడుతుంటే గ్రిప్‌ను ఒక అంగుళం కిందికి పట్టుకుని మళ్లీ పది బంతులు ఆడండి. మచ్చలు ఒకచోట గుమిగూడితే మీకు కావాల్సింది పొట్టి డ్రైవర్. అప్పుడు షాఫ్ట్ కోయించుకోవచ్చు. కాకపోతే ఒక అంగుళం కోస్తే హెడ్ బరువు చేతికి తెలియకుండా పోతుంది. అర అంగుళానికి దాదాపు మూడు స్వింగ్‌వెయిట్ (ఊపినప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత) పాయింట్లు తగ్గుతాయి, హెడ్‌లో రెండు గ్రాములు కలిపితే ఒక పాయింట్ తిరిగి వస్తుంది. కాబట్టి ఒక అంగుళం కోసినచోట సుమారు 12 గ్రాములు కలపాలి. కోసేవాళ్లతో ఈ మాట ముందే మాట్లాడుకోండి.

నాలుగోది మన వాతావరణానికి సంబంధించింది. ఏప్రిల్, మే నెలల్లో కిట్‌ను కారు డిక్కీలో వదిలేస్తే గ్రిప్ ఎండకు గట్టిపడి నున్నగా అవుతుంది. చెమట పట్టిన చేతిలో అది జారుతుంది కాబట్టి బిగించి పట్టుకుంటాం. ముంజేతులు బిగుసుకుంటే ఫేస్ సమయానికి మూసుకోదు. వేడినీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి గ్రిప్‌ను బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అప్పటికీ పట్టు రాకపోతే మార్పించండి, డ్రైవర్ మీద మీరు పెట్టే ఖర్చులన్నింటిలో ఇదే చిన్నది. ఆ డిక్కీ వేడికి హెడ్‌ను అతికించిన జిగురు కూడా మెత్తబడవచ్చు. కిట్ ఇంట్లోకి తెచ్చుకోండి.

బరువును హీల్ వైపు జరిపే స్క్రూ ఉంటే దాన్ని అన్నిటికంటే చివర్లో వాడండి. ఉపయోగం ఉంటుంది కానీ, పైన చెప్పినవి అలాగే ఉంచి దీని మీద ఆధారపడితే నిరాశ తప్పదు.

లక్షణం: బంతి లేవడం లేదు, ముందే పడిపోతోంది

కారణం సాధారణంగా లాఫ్టే. టీవీలో కనిపించే ఆటగాళ్లు గంటకు 115 మైళ్ల వేగంతో తిప్పుతారు. మామూలు క్లబ్ ఆటగాడి వేగం 90కి అటూ ఇటూ ఉంటుంది. ఆ వేగంలో బాగా తగిలితే గాల్లో దాదాపు 200 యార్డులు వెళ్తుంది, అదీ తగినంత ఎత్తుకు లేస్తేనే. ఈ వేగం ఉన్నవారికి 10.5 నుంచి 12 డిగ్రీల మధ్య ఏదో ఒకటి సరిపోతుంది. పన్నెండు డిగ్రీల డ్రైవర్ పట్టుకోవడానికి మగవాళ్లు మొహమాటపడటం చూస్తుంటాను, అది నిజంగా బాధ కలిగించే విషయం. పెద్దవయసు వచ్చినవాళ్లకు అది దూరం ఇచ్చే క్లబ్.

ఇక్కడ వానాకాలం గురించి ఒక మాట చెప్పాలి. వేసవిలో ఫేర్‌వే, అంటే బంతి పడాల్సిన కోసిన గడ్డి దారి, గట్టిగా ఉంటుంది, తక్కువ ఎత్తులో వెళ్లిన బంతి కూడా పరుగెత్తి దూరం చూపిస్తుంది. జూలైలో నేల మెత్తబడగానే బంతి పడ్డచోటే ఆగిపోతుంది. ఏప్రిల్‌లో అద్భుతంగా అనిపించిన డ్రైవర్ ఆగస్టులో చచ్చుబడిందనిపిస్తే దానిలో ఏ లోపం రాలేదు, లాఫ్ట్ తక్కువని వాన బయటపెట్టింది. అందుకే ఎప్పుడూ క్యారీని, అంటే గాల్లో వెళ్లిన దూరాన్ని మాత్రమే పోల్చండి.

లక్షణం: బంతి పైకి లేచి గాల్లో నిలబడిపోతోంది

ఫోటోలో మచ్చలు కింది సగంలో ఉన్నాయేమో చూడండి. ఉంటే టీ ఎత్తు పెంచండి. డ్రైవర్‌ను నేల మీద ఉంచినప్పుడు సగం బంతి క్రౌన్ (హెడ్ పై భాగం) పైన కనిపించాలి. ఎత్తు పెంచాక క్రౌన్ మీద గీతలు పడుతుంటే మీరు పైనుంచి కిందికి నరుకుతున్నట్టు. అప్పుడు టీ తగ్గించకుండా కుడి భుజాన్ని ఎడమ భుజం కంటే కాస్త కిందికి ఉంచి, శరీరం బంతికి కాస్త వెనుకగా ఉండేలా నిలబడి కొట్టి చూడండి. ఇది సాధనతో కుదిరేది, డ్రైవర్ మార్చినా పోదు.

లక్షణం: షాపులో వచ్చిన దూరం కోర్సులో రావడం లేదు

షాపులో కొత్త ఖరీదైన బంతి, గాలి లేని గది, పక్కన ప్రోత్సహించే మనిషి. అక్కడ మీరు గుర్తుపెట్టుకున్నది అన్నిటికంటే పొడవైన ఒక్క షాట్‌ను. కోర్సులో ఆడేది సగటును. రేంజ్ బంతుల మాట అసలు నమ్మొద్దు, అరిగిపోయినవి, తక్కువ దూరం వెళ్లేలా చేసినవి చాలా ఉంటాయి.

కొనే ముందైతే మీరు రోజూ ఆడే బంతులు తీసుకెళ్లండి. పాత డ్రైవర్ కూడా పట్టుకెళ్లి రెండింటినీ మార్చి మార్చి కొట్టండి. చెడ్డ షాట్లు తీసేయవద్దని చెప్పి, క్యారీ సగటు ఎంత, కుడి ఎడమల మధ్య ఎంత వెడల్పున పడుతున్నాయి అని అడగండి. గోల్కొండ నయా ఖిలా కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ రాళ్ల మధ్యో ఆడేవారికి పది యార్డుల దూరం కంటే ఈ వెడల్పు తగ్గడమే ఎక్కువ స్ట్రోకులు మిగులుస్తుంది.

రేంజ్‌లో బాగానే ఉండి, కోర్సులో ఆట మొదలుపెట్టే మొదటి టీ దగ్గర మాత్రమే పాడవుతుంటే అది చాలావరకు టెన్షన్. రేంజ్‌లో వరసగా ఒకేవైపు ముప్పై బంతులు బాదడం మానండి. ఒక డ్రైవర్ షాట్ తర్వాత ఒక ఐరన్ షాట్, మళ్లీ కొత్త టార్గెట్ పెట్టుకుని డ్రైవర్. కోర్సులో ఆట అలాగే కదా జరిగేది.

లక్షణం: షాఫ్ట్ చేతికి కుదరడం లేదు

కర్రలా అనిపించి బంతి తక్కువ ఎత్తులో కుడికి పోతుంటే షాఫ్ట్ గట్టిగానో బరువుగానో ఉందని అనుమానించవచ్చు. హెడ్ ఎక్కడుందో తెలియక బంతి అటూ ఇటూ పోతుంటే మరీ తేలిక కావచ్చు. షాఫ్ట్ మీద రాసిన ఆర్ (రెగ్యులర్, అంటే మామూలు), ఎస్ (స్టిఫ్, అంటే గట్టిది) అక్షరాలకు అన్ని కంపెనీలకూ కలిపి ఒక ప్రమాణం లేదు. ఒకరి ఎస్ ఇంకొకరి ఆర్‌లా ఉండొచ్చు. ఆసియా మార్కెట్‌కు చేసిన ఎస్ సాధారణంగా అమెరికా ఎస్ కంటే మెత్తగా, తేలికగా ఉంటుంది. అందువల్ల మీ పాతది ఎస్ అయినంత మాత్రాన అమెరికా నుంచి వచ్చిన ఎస్ సరిపోవాలని లేదు. హెడ్ అమ్మేసే ముందు అదే స్లీవ్ ఉన్న వేరే షాఫ్ట్‌ను క్లబ్‌లో స్నేహితుల దగ్గర అడిగి తీసుకుని ఒక సాయంత్రం ఆడి చూడండి.

లక్షణం: శబ్దం మారింది

ఊపితే లోపల గలగలమంటే సాధారణంగా ఎండిన జిగురు ముక్క ఊడి తిరుగుతున్నట్టు. ఆటకు ప్రమాదం లేదు, బాగుచేసేవాళ్లు తేలిగ్గా సరిచేస్తారు. కొట్టినప్పుడు టకటకమంటే స్లీవ్ స్క్రూ గానీ బరువు స్క్రూ గానీ వదులై ఉంటుంది. డ్రైవర్‌తో ఇచ్చిన రెంచ్‌తోనే, అది టక్కుమనే వరకు బిగించండి. మామూలు పానాతో బలమంతా పెడితే మర పాడవుతుంది.

శబ్దం ఉన్నట్టుండి బొంగురుపోయి, బాగా తగిలిన బంతి కూడా దూరం పోకపోతే ఫేస్ చిట్లిందేమో చూడండి. వెలుతురులో వాలుగా పట్టి, గోరుతో రాస్తే సన్నని గీత తెలుస్తుంది. ఆ క్షణం నుంచి దానితో ఆడవద్దు. వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో బిల్లు చూసి కనుక్కోండి. కొట్టేకొద్దీ ఫేస్ పలచబడి, చిట్లే ముందు ఇంకా ఎక్కువ స్ప్రింగ్‌లా మారడం కూడా ఉంది. 2025 పీజీఏ ఛాంపియన్‌షిప్ ముందు జరిగిన పరీక్షలో స్కాటీ షెఫ్లర్ డ్రైవర్ ఇలాగే పరిమితి దాటింది. ఆయన మరో డ్రైవర్‌తో ఆడి ఆ టోర్నమెంట్ గెలిచాడు.

పోటీల్లో ఆడేవాళ్లకు

మీ డ్రైవర్ హెడ్ పేరు గోల్ఫ్ నియమాలు చేసే సంస్థలైన ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ ఆమోదించిన జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవగ్గా దొరికినవాటిని సీరియల్ నంబర్‌తో సరిచూడండి, నకిలీలు చాలా తిరుగుతున్నాయి. హెడ్ పరిమాణం 460 సీసీ, పొడవు 48 అంగుళాలు దాటకూడదు. 46 అంగుళాల పరిమితి 2022 నుంచి పెద్ద పోటీల్లో స్థానిక నియమంగా వచ్చింది, మీ పోటీలో అది ఉందేమో ముందే అడగండి. రౌండ్ మొదలయ్యాక లాఫ్ట్, బరువుల సెట్టింగ్ మార్చి ఆ డ్రైవర్‌తో షాట్ ఆడితే పోటీ నుంచి తప్పిస్తారు. స్క్రూ దానంతట అది వదులైతే మాత్రం మునుపటి సెట్టింగ్‌లోనే బిగించుకోవచ్చు, కాబట్టి రెంచ్ కిట్‌లో ఉండనివ్వండి.