పొదుపు సంఘం డబ్బు చాప మీదే లెక్కపెట్టండి

మా నెల్లూరు పక్క పల్లెలో పొదుపు సంఘానికి పదకొండేళ్లు పుస్తకాలు రాశాను. కొత్తగా సంఘం పెట్టేవాళ్లు ముందు అడిగేది "అక్కా, లోను ఎప్పుడొస్తుంది?" అనే. వస్తుందమ్మా. ముందు పుస్తకం సంగతి చూసుకోండి.

పది, పన్నెండు మంది చాలు, ఒకే వీధివాళ్లయితే మేలు. మీటింగు తేదీ మార్చొద్దు. డబ్బు చాప మీద పోసి అందరి ముందే లెక్కపెట్టండి. పన్నెండు మంది, తలా 200 అంటే 2,400 ఉండాలి. ఎవరెంత కట్టారో, ఎవరు బాకీయో పైకి చదవండి, మొహమాటపడొద్దు. చదువు రానివాళ్లు తీర్మానం విన్నాకే వేలిముద్ర వేయాలి. 1992లో మా జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిందీ రాత్రిబడి చదువుల నుంచే కదా.

మేం దెబ్బతిన్నది బ్యాంకు కంతుల దగ్గర. నెలనెలా డబ్బు ఒకామె చేతికిచ్చి పంపేవాళ్లం. నాలుగు నెలలకి పాసుపుస్తకం ప్రింటు వేయిస్తే రెండు కంతులే పడున్నాయి. మిగతావి కొడుకు ఫీజుకి వాడుకుందట. కొంచెం కొంచెంగా తీర్చేసిందిలెండి. కానీ ఆమె నోటిమాట విని "కట్టడమైనది" అని రాసింది నేనేగా! అప్పట్నుంచి బ్యాంకుకి ఇద్దరు వెళ్తారు, రసీదు అదే పేజీకి అంటిస్తాం, ప్రింటయిన పాసుపుస్తకం మీటింగులో చేతులు మారుతుంది.

లీడర్లని రెండేళ్లకోసారి మార్చండి. అలకలు తప్పవు. తీర్మానం కాపీ ఇచ్చి బ్యాంకులో సంతకాలు కూడా మార్పించాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

మన లెక్క సరిగ్గా ఉంటే ఊరి లెక్క అడగడానికి నోరు లేస్తుంది. మా వీధి కాలవ కట్టిన ఏడాదే పగిలింది. పంచాయతీలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. గ్రామస్థాయిలో ఫీజు లేదు, జవాబుకి గడువు 30 రోజులు. అడిగే హక్కు పౌరులది కాబట్టి సంఘం పేరుతో కాకుండా ఒక మనిషి పేరుతో రాయండి. "కాలవ సంగతి చెప్పండి" అని కాదు, "ఎం-బుక్ కాపీ ఇవ్వండి" అని అడగండి. ఎం-బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం.

"మీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నారు పంచాయతీవాళ్లు. కాపీ వచ్చాక టేపు పట్టుకుని ఆరుగురం కాలవ దగ్గరికి వెళ్లాం. మేం కొలిచిన పొడవు కూడా మీటింగు పుస్తకంలోనే రాశాం, అందరి సంతకాలతో.