ఊళ్లో ఫ్లెక్సీ కట్టే ముందు

మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీదో, మహబూబ్‌నగర్‌లో రోడ్డు గుంతల మీదో బోర్డు పెట్టాలనుకుంటే, ప్రింటింగ్‌కు ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

అన్నిటికన్నా ముందు రాత. "ఈ నీళ్లు ఎలా తాగాలి, ఎవరు జవాబు చెప్తారు?" అని నిలదీయడం రాజ్యాంగం 19(1)(ఎ) ఇచ్చిన మాట స్వేచ్ఛ హక్కు. దాన్ని భయపడి వదులుకోవద్దు. కానీ ఒకరి పేరు రాసి "దొంగ" అంటే చేతిలో ఆధారం ఉండాలి. పరువు నష్టం ఇప్పటికీ నేరమే. 2016లో సుప్రీంకోర్టు పాత ఐపీసీలోని ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఇప్పుడది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356, రెండేళ్ల వరకు జైలు. ప్రజల మేలు కోసం చెప్పిన నిజానికి మినహాయింపు ఉంది, అయితే అది నిజమని చూపించాల్సింది మీరే. అందుకే మనిషిని కాదు, పనిని అడగండి.

కులం, మతం పేరుతో రెచ్చగొట్టే మాట ఒక్కటున్నా తీసేయండి.

కరెంటు స్తంభాలు, సర్కారు గోడలు వద్దు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి అనుమతి రాయించుకోండి. ఎన్నికల పోస్టరైతే ప్రింటర్, ప్రచురించినవారి పేర్లు, అడ్రసులు తప్పనిసరి.

పోలీసులు పిలిస్తే టెన్షన్ పడకండి. ఆన్‌లైన్ రాతల మీద కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఎను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, ఆ సెక్షన్ కింద కేసు చెల్లదు. కవి, కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది: మాటల ప్రభావాన్ని ధైర్యం, నిబ్బరం ఉన్న మనిషి కొలతతో చూడాలి, ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసేవారి కొలతతో కాదు.

కట్టిన రోజే ఫ్లెక్సీ ఫొటో, అనుమతి కాగితం ఫోన్‌లో దాచుకోండి.